అంతఃపురం, జనానా: ఆటల్లో మధ్యయుగం

"ఆటే గదా, దానికింత చర్చ దేనికి?" అని అడిగేవాళ్లకు ముందుగా ఒక మాట. కథ చదివేవాడు కథకు బయట ఉంటాడు. సినిమా చూసేవాడు కుర్చీలో ఉంటాడు. రాజ్యాలు నడిపే ఈ ఆటలు ఆడేవాడు మాత్రం నేరుగా సింహాసనం మీదే కూర్చుంటాడు. పన్ను ఎంత వేయాలో, ఏ కోటను ముట్టడించాలో, కూతుర్ని ఎవరికివ్వాలో, పట్టుబడ్డ స్త్రీని ఏం చేయాలో వాడే నిర్ణయిస్తాడు. నిర్ణయం పూర్తిగా తనదేననుకుంటాడు. కానీ ఎంచుకోవడానికి వాడి ముందు ఏమేం పెట్టాలో అంతకుముందే ఎవరో తేల్చేశారు. ముస్లిం రాజు ఏం కోరుకుంటాడు, హిందూ రాణి ఏం చేయగలదు, బానిస ఎంత దూరం పోగలడు అన్నవన్నీ అంకెలుగా, నియమాలుగా రాసిపెట్టి ఉంటాయి. కథలోని పక్షపాతాన్ని చదివి పట్టుకోవచ్చు. నియమంలోని పక్షపాతం మాత్రం ఆడేవాడి వేళ్లకు అలవాటైపోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఈ ఆటలు అమెరికాలోనో స్వీడన్‌లోనో పుట్టి అక్కడే ఉండిపోలేదు. 2000 తర్వాత కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి మా పిల్లలు ఆడారు. 2016 తర్వాత డేటా చవకయ్యాక నిర్మల్, ఆసిఫాబాద్, ఉట్నూరు దాకా ఫోన్లలోనే కోటలు కడుతున్నారు. మా మొహల్లా పిల్లగాడూ పక్క గల్లీ పిల్లగాడూ ఒకే ఆట ఆడతారు. పక్క గల్లీ పిల్లగాడికి తన పూర్వీకుడు ఎదురుపడితే ఛాతీ ఉబ్బుతుంది. మా పిల్లగాడికి తన పేరున్నవాడు ఎదురుపడితే వాడెలా కనిపిస్తున్నాడు? పాఠ్యపుస్తకాల గురించి, సినిమాల గురించి మేము ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' తెలుగు సాహిత్యం ముందు పెట్టిన ప్రశ్న కూడా ఇలాంటిదే. రంగం మారింది, ప్రశ్న మారలేదు.

ఈ ప్రశ్నకు జవాబు యుద్ధాల్లో కంటే స్త్రీ పురుష సంబంధాల్లోనే తేటగా దొరుకుతుంది. తెలుగులో రెండు మాటలున్నాయి: అంతఃపురం, జనానా. రెండింటి అర్థం ఒకటే. రాజు తన స్త్రీలను లోకం కళ్లపడకుండా ఉంచుకునే చోటు. కానీ అంతఃపురం అనగానే తులసికోట, వీణ, చెలికత్తెలు గుర్తుకొస్తారు. జనానా అనగానే సాంబ్రాణి పొగ, మద్యం, నపుంసక కాపలాదారు, కామం గుర్తుకొస్తాయి. శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో తిరుమల గుడిలో విగ్రహమై నిలబడితే భక్తి. సుల్తాను నలుగురిని పెళ్లాడితే కామం. ఒకే వ్యవస్థకు రెండు పేర్లు పెట్టి ఒకదానికి గౌరవాన్ని, రెండోదానికి రోతను పంచిపెట్టిన ఈ భాషనే ఆటలు నియమాలుగా మార్చుకున్నాయి.

స్వీడన్ కంపెనీ పారడాక్స్ 2012 ఫిబ్రవరిలో 'క్రూసేడర్ కింగ్స్' రెండో ఆటను తెచ్చింది. ఇందులో ఆడేవాడు ఒక రాజవంశాన్ని తరతరాలుగా నడుపుతాడు. పెళ్లిళ్లు, పిల్లలు, వారసత్వం, అక్రమ సంబంధాలు, కుట్రలు ఇందులో యుద్ధాలంత ముఖ్యం. ఆట వచ్చిన కొత్తలో పటం మీద ముస్లిం రాజ్యాలున్నాయి గానీ ముస్లిం రాజుగా ఆడే వీలు లేదు. మేము శత్రువులుగా మాత్రమే ఉన్నాం. అదే ఏడాది జూన్‌లో 'స్వోర్డ్ ఆఫ్ ఇస్లాం' అనే అనుబంధం వచ్చాక ఆ వీలు కలిగింది. ఏ షరతుల మీద? ముస్లిం రాజు నలుగురిని పెళ్లాడవచ్చు. ఆడవచ్చు కాదు, ఆడాలి. హోదా పెరిగేకొద్దీ అంతకు తగినంతమంది భార్యలు లేకపోతే ప్రతిష్ఠ తగ్గుతుంది. ఒక్క భార్యతో బతుకుదామనుకునే ముస్లిం రాజును ఆటే శిక్షిస్తుంది. మా బస్తీల్లో, మా ఊళ్లలో ఇద్దరు భార్యలున్న ఇల్లు ఎక్కడుందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పొచ్చు. అయినా నాలుగు పెళ్లిళ్ల మాట లేకుండా మా గురించి ఎవరూ మాట్లాడరు. ఆ చౌకబారు మాటే అక్కడ శాసనమై కూర్చుంది.

రెండో షరతు ఇంకా లోతైనది. ముస్లిం రాజవంశాలకు 'పతనం' అనే ఒక కొలత పెట్టారు. వంశంలో పని లేని మగవాళ్లు పెరిగేకొద్దీ, భోగం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. హద్దు దాటితే తిరుగుబాటు లేచి వంశం కూలిపోతుంది. చూడగానే పద్నాలుగో శతాబ్దపు మహా చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ గుర్తుకొస్తాడు. ఎడారి నుంచో కొండల నుంచో వచ్చిన వంశం అధికారం దక్కించుకుంటుందని, సుఖాలకు అలవాటుపడి మూడు నాలుగు తరాల్లో బలం కోల్పోతుందని ఆయన చెప్పాడు. కానీ ఆయన చెప్పింది రాజ్యాధికారం స్వభావం గురించి. పర్షియన్ల గురించీ అరబ్బుల గురించీ బెర్బెర్ల గురించీ చెప్పాడు. ఒక ముస్లిం మేధావి అందరికీ చెప్పిన సూత్రాన్ని తీసుకొచ్చి ముస్లింల మెడకే తగిలించారు. మిగతా రాజులు యుద్ధంలో ఓడిపోతారు, రోగంతో చస్తారు. మేము మాత్రం మా భోగం వల్లే చెడిపోతాం. 2020లో వచ్చిన మూడో ఆటలో ఈ కొలతను తీసేశారు. తీసేయగలిగారంటే అది చరిత్రకు అవసరమైనది కాదనే గదా అర్థం.

వారసత్వం సంగతి చూడండి. రెండో ఆట పెట్టిన నియమాల్లో ముస్లిం రాజ్యాలకు మగ వారసుడే దిక్కు. అంటే 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలిన రజియా ఆ ఆటలో పుట్టగలదేమో గానీ సింహాసనం ఎక్కలేదు. చరిత్రలో జరిగినదాన్ని ఆట జరగనివ్వదు.

ఇక్కడే మన నేల మీదికి రావాలి. అదే పదమూడో శతాబ్దంలో, ఢిల్లీలో రజియా చనిపోయిన రెండు దశాబ్దాలకే, ఓరుగల్లులో రుద్రమదేవి పాలన మొదలైంది. ఇద్దరి కథలూ పక్కపక్కన పెట్టి చదవండి. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతుర్నే కొడుకుగా నిలబెట్టాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఇల్‌తుత్‌మిష్‌కు కొడుకులున్నా వాళ్లు పనికిరారని కూతుర్ని ఎంచాడు. రజియా పర్దా వదిలి, మగవాళ్ల ఖబా, కులాహ్ తొడుక్కుని దర్బారులో కూర్చుంది. ఇద్దరూ మగ ఉడుపుల్లోనే రాజ్యమేలారు. ఇద్దరి మీదా సొంత సామంతులే తిరగబడ్డారు. రజియా పతనమై చంపబడింది. రుద్రమ కాయస్థ అంబదేవుడితో యుద్ధం నడిచిన కాలంలోనే పోయింది. ఆమె మరణం సంగతి చెప్పేది 1289 నాటి చందుపట్ల శాసనం. రాజు అంటే మగవాడే అన్న నియమాన్ని ఇద్దరూ కొట్టేయలేకపోయారు. ఆ నియమంలోకి దూరడానికి తామే మగవాళ్లయ్యారు. ఇది హిందూ స్త్రీ గొప్పదనమూ కాదు, ముస్లిం స్త్రీ తెగువా కాదు. మధ్యయుగపు పితృస్వామ్యానికి రెండుచోట్ల తగిలిన ఒకే దెబ్బ.

మరి ఇద్దరికీ దక్కిన జ్ఞాపకం ఒకటేనా? రుద్రమ వీరనారి అయింది. రజియా ప్రేమకథ అయింది. గుర్రపుసాలల అధికారి, హబ్షీ అయిన యాకూత్‌తో ఆమె పేరు కలిపి చెప్పుకున్నారు. 1983 నాటి హిందీ సినిమా దాన్నే పట్టుకుంది. ఈ పనిలో మా చరిత్రకారుల చేతులూ తడిశాయి. మిన్హాజ్ ఆమెలో రాజుకుండాల్సిన గుణాలన్నీ ఉన్నాయని మెచ్చుకుంటూనే, మగదిగా పుట్టకపోయాక అవన్నీ ఎందుకని పెదవి విరిచాడు. 1350 నాటికి మన దక్కన్‌లోనే, బహమనీ సుల్తాను నీడలో కూర్చుని రాసిన ఇసామీ, ఆడదాని చోటు రాట్నం దగ్గరేనన్నాడు. అంటే రజియాను మొదట దించింది ఇవాళ్టి ఆట కాదు. ఆట ఆ పాత తీర్పును ఇనుములో పోసింది.

తెలుగువాళ్ల ఊహా రాజ్యం సంగతీ చూద్దాం. 2015లో రెండు సినిమాలు వచ్చాయి: 'బాహుబలి', 'రుద్రమదేవి'. బాహుబలి రెండో భాగం వచ్చిన 2017లోనే ఆ కథ మీద ఫోన్ ఆట కూడా వచ్చింది. బెంగళూరులోని మూన్‌ఫ్రాగ్ దాన్ని చేసింది. మాహిష్మతిని కట్టుకుని, సైన్యం పోగేసి, కాలకేయుల నుంచి కాపాడటం అందులో ఆడేవాడి పని. కాలకేయులకు నల్లటి ఒళ్లు, అర్థంకాని భాష. ఆడవాళ్లను ఎత్తుకుపోవాలన్న కోరిక తప్ప వాళ్లకు వేరే కథ లేదు. వాళ్లు ముస్లింలని సినిమా చెప్పదు. చెప్పనక్కర్లేదు. మన ఆడవాళ్ల మీద కన్నేసిన బయటివాడు ఎవరో ఈ దేశంలో ప్రేక్షకుడికి ఇప్పటికే తెలుసు. మాహిష్మతి ముస్లింగా చూపించేది ఆయుధాలమ్మే కాబూలు వర్తకుడు అస్లంఖాన్‌ను మాత్రమే. మంచివాడే, వచ్చి ఖడ్గం చూపించి స్నేహంగా వెళ్లిపోతాడు. వెళ్లిపోవడమే మంచి ముస్లింకు తగిన పని అన్నమాట.

అదే మాహిష్మతిలో కత్తి పట్టిన అవంతికను వీరుడు ఏం చేశాడు? ఆమె వద్దంటున్నా పోరాటపు బట్టలు విప్పి, పెదాలకు రంగు పూసి, ఆడదానిగా మార్చాడు. 2015లోనే స్త్రీవాదులు దాన్ని అత్యాచారమన్నారు. తెలుగు ప్రేక్షకులు చాలామంది దాన్ని శృంగారమన్నారు. అదే పని కాలకేయుడు చేస్తే? చేయి ఒకటే, పేరు మారుతుంది. అంతఃపురానికీ జనానాకూ మధ్య తేడా ఇదే.

బానిస సంగతీ అంతే. కట్టప్ప పుట్టుకతో సింహాసనానికి బానిస. రాజు కాలును తలమీద పెట్టుకున్నందుకే అతన్ని జనం గుండెల్లో పెట్టుకున్నారు. మరో బానిస మాలిక్ కాఫుర్. 1299లో గుజరాత్ దాడిలో ఖంబాయత్ దగ్గర పట్టుబడి ఢిల్లీ చేరాడు. అతని వెల వెయ్యి దీనార్లట, 'హజార్ దీనారీ' అన్న పేరు అలా వచ్చింది. పుట్టుకతో హిందువని చరిత్రకారులంటారు. అతను సేనాధిపతి అయ్యాడు, 1309 చివర ఢిల్లీ నుంచి బయల్దేరి 1310 జనవరికి ఓరుగల్లు ముందు నిలబడ్డాడు. 2022లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో ఆటకు వచ్చిన భారత రాజవంశాల అనుబంధంలో హిందుస్తానీలకు ఇచ్చిన ప్రత్యేక సైనికుడి పేరు 'గులాం'. అదీ బానిసే. ఆ గులాం బరిసె పట్టుకుని పరిగెత్తుతాడు, చస్తాడు, ఇంకొకడు వస్తాడు. వాడిని ఎవరు కొన్నారు, వాడి శరీరాన్ని ఎవరు కోశారు, వాడిని ఎవరు ప్రేమించారు అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు.

ఆ ప్రశ్నలకు జవాబు ఉత్తర తెలంగాణ దారి మీదే ఉంది. కాఫుర్ సైన్యం ఓరుగల్లు చేరేముందు ఒక కోటను ముట్టడించిందని దండయాత్రను పారసీకంలో వర్ణించిన అమీర్ ఖుస్రో రాశాడు. ఆ కోట పేరు సర్బర్. అది మన సిర్పూరేనని చరిత్రకారులు గుర్తించారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. కోట పడిపోతుందని తెలిశాక లోపలివాళ్లు కొందరు భార్యాపిల్లలతో సహా మంటల్లో పడ్డారని ఖుస్రో చెబుతాడు. చిత్తోడు మంటలు దేశమంతా తెలుసు, సినిమా అయ్యాయి, అల్లర్లయ్యాయి. సిర్పూరు మంటలు సిర్పూరువాళ్లకే తెలియవు. ఆ ఆడవాళ్లకు పేర్లు లేవు. గెలిచినవాడి కవికి వాళ్లు ఒక అలంకారం. ఓడినవాడి రాజ్యానికి వాళ్లు పరువు. వాళ్లు చావాలనుకున్నారా అని ఇద్దరూ అడగలేదు.

ఆ మంటలు పెట్టించిన సైన్యం మా పేరున్నవాళ్లది. దాన్ని మేము దాచం. మతం అడ్డుపెట్టి సమర్థించం. కానీ దాని భారం సిర్పూరు కాగజ్‌నగర్ మిల్లులో కూలికి పోయిన మా అబ్బాల మీద, చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే మా అమ్మీల మీద వేయడానికి ఒప్పుకోం. ఎలగందుల ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరున కరీంనగర్, బిజాపూరు ఆదిల్‌షా పేరున ఆదిలాబాద్ వచ్చాయంటారు. ఊళ్లకే మా పేర్లున్నాయి. ఆటల్లో మాత్రం మేము గుర్రం మీద వచ్చేవాళ్లమే, ఇక్కడ ఉండేవాళ్లం కాదు.

కాఫుర్ దగ్గర ఇంకో ముడి ఉంది. అలాఉద్దీన్‌కు అతని మీద మోహమని జియాఉద్దీన్ బరనీ రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని రూత్ వనిత, సలీం కిద్వాయి వంటివాళ్లు అది ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమేనన్నారు. బనారసీ ప్రసాద్ సక్సేనా వంటి చరిత్రకారులు కాదన్నారు. బరనీ కులీనుడు. కిందినుంచి పైకొచ్చినవాళ్లను చూస్తే అతనికి ఒళ్లుమంట. అందువల్ల ఆ మాటలో ఎంత సాక్ష్యం, ఎంత ఏవగింపు అన్నది తేల్చడం కష్టం. 2018లో వచ్చిన 'పద్మావత్' సినిమాకు ఈ కష్టం లేదు. అందులో కాఫుర్ ఒళ్లు తిప్పుకుంటూ నవ్వే దుర్మార్గుడు. ముస్లిం మగవాడు ఆడవాళ్లను వదలని కామాంధుడు, అదే సమయంలో మగతనం లేనివాడు. ఈ రెండు నిందలు ఒకదానికొకటి పొసగవు. పొసగాల్సిన అవసరం లేదు కూడా, రెండూ మమ్మల్ని మనిషి కొలతలకు బయట నిలబెట్టడానికే.

'రుద్రమదేవి' సినిమాలో మగవేషంలో ఉన్న యువరాజుకు ముక్తాంబతో పెళ్లి చేస్తారు. ఒక స్త్రీ ఇంకో స్త్రీని పెళ్లాడింది. రహస్యం తెలిశాక కూడా ముక్తాంబ దాన్ని కాపాడుతుంది. తెలుగు ప్రేక్షకుల్లో దాన్ని వికృతమని అన్నవాళ్లు కనిపించలేదు. అనకపోవడమే మంచిదైంది. మేమడిగేది ఒక్కటే: రుద్రమ, ముక్తాంబల మధ్య త్యాగం చూడగలిగిన కళ్లకు అలాఉద్దీన్, కాఫుర్‌ల మధ్య ఏవగింపు తప్ప ఏమీ ఎందుకు కనపడదు?

ఈ ప్రశ్న మా ఇంట్లోవాళ్లకూ వేస్తున్నాం. కాఫుర్ గురించి మసీదు మెట్ల మీద మాట్లాడదామంటే మా పెద్దలు గొంతు తగ్గిస్తారు. సేనాధిపతి అని చెప్పుకుంటారు, మిగతాది 'తౌబా' అంటారు. నిజాం సర్కారు 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. తెల్లదొరల 1871 చట్టానికి మా దొరగారి నకలు అది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. కోటలో ఖోజాలను నమ్మి తాళాలిచ్చిన రాజ్యాలే వీధిలో వాళ్లను దొంగలను చేశాయి. ఈ నూరేళ్ల చట్టం మీద మా సమాజం నుంచి ఎన్ని గొంతులు లేచాయో లెక్క తీస్తే సిగ్గుపడాల్సి వస్తుంది.

మళ్లీ ఆటలోకి వద్దాం. కోట గెలిచాక ఆడేవాడి ముందు బందీల జాబితా వస్తుంది. విడిచిపెట్టు, డబ్బు తీసుకో, చంపు. ఉంపుడుగత్తెలను ఒప్పుకునే మతమైతే ఇంకో మీట కూడా ఉంటుంది: ఈ స్త్రీని ఉంచుకో. ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఆమె బొమ్మ జైలు నుంచి రాజు పక్కకు మారుతుంది. ఆమె ఏమనుకుందో ఒక అంకె చెబుతుంది, కాలం గడిచేకొద్దీ ఆ అంకె కూడా మెరుగవుతుంది. ఇది మధ్యయుగమని ఆడేవాడు అనుకుంటాడు. మాకు అలా అనుకునే అదృష్టం లేదు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యంలో జరిగింది సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని, స్త్రీల మీద అత్యాచారాలు, అపహరణలు జరిగాయని ఆ నివేదికలో ఉంది. దశాబ్దాల పాటు దాన్ని జనానికి కనపడనివ్వలేదు. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దుర్మార్గాన్ని మేము ఏనాడూ వెనకేసుకురాం. కానీ వాళ్ల అత్యాచారాలకు సినిమాలున్నాయి. మా అవ్వల మీద జరిగినదానికి ఫైలు మాత్రమే ఉంది. బందీ స్త్రీ అనగానే ముస్లిం సైనికుడి చేతిలోని హిందూ స్త్రీ మాత్రమే గుర్తుకొచ్చేలా చేసిన చరిత్ర, 1948లో బందీ అయిన మా స్త్రీని ఏ జాబితాలోనూ ఎక్కించలేదు.

మన ప్రాంతపు జ్ఞాపకమే ఈ 'మనరాణి, వాళ్ల జనానా' లెక్కను కొట్టేస్తుంది. సమ్మక్క కథలో ఆమెను పెంచిన మేడరాజు ఏలిన పొలవాస మన జగిత్యాల పక్కనే. పాత కరీంనగర్ జిల్లా అది. కరువుకాలంలో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం మీద పడింది. సమ్మక్క, సారలమ్మ కత్తులు పట్టారు. రెండేళ్లకోసారి మేడారానికి పోయే లక్షల జనం మొక్కేది ఆ ఆడవాళ్లకే. వాళ్లు పోరాడింది ఏ సుల్తానుతో? సుల్తాను కథలోనే లేడు. రుద్రమదేవి మనుమడితోనే పోరాడారు. వాళ్లు రాణి వేషం వేయలేదు, మగవేషమూ వేయలేదు. అడవి ఆడవాళ్లుగానే పన్ను కట్టమన్నారు. ఈ నేల మీద గొప్ప స్త్రీ యోధుల కథ హిందూ ముస్లిం యుద్ధం కాదు, అధికారానికీ అన్నానికీ మధ్య యుద్ధం. ఈ కథను నియమంగా రాసిన ఆట ఎక్కడుంది?

లౌకికవాద మిత్రులు రెండు మాటలంటారు. ఒకటి, "మధ్యయుగం అలాగే ఉండేది, అందంగా చూపించమంటారా?" అని. అందంగా వద్దు. అందరికీ ఒకేలా చూపించండి. బహుభార్యత్వం రాజులందరిదీ అయితే నియమం రాజులందరికీ పెట్టండి. బానిసను కొన్నవాడు ఎవరైనా కొన్నవాడే. రెండో మాట, "ఒకరిద్దరు మంచి ముస్లింలను పెడితే సరిపోదా?" అని. అస్లంఖాన్‌ను ఇప్పటికే చూశాం. నియమం చెడ్డదైనప్పుడు మంచి పాత్ర అందులో అతిథిగానే ఉంటాడు.

ఈ ఆటలను నిషేధించమని మేము అడగడం లేదు. సినిమా కంటే వీటిలో ఒక మేలుంది. సినిమా తన నియమాన్ని పాట వెనక దాచుకుంటుంది. ఆట తన నియమాన్ని పట్టికలో రాసి చూపిస్తుంది. 2020 నాటి 'క్రూసేడర్ కింగ్స్'లో ప్రతి మతం ముందూ స్త్రీకి అధికారం ఉందా లేదా, ఒకే లింగం వాళ్ల ప్రేమ నేరమా, తప్పా, మామూలేనా అని విడివిడిగా రాసి ఉంటుంది. ఆట మొదలుపెట్టే ముందు స్త్రీ పురుషుల హక్కులను సమానం చేయొచ్చు, తలకిందులు కూడా చేయొచ్చు. మతం అంటే మార్చలేని రక్తం కాదని, మనుషులు రాసుకుని మనుషులే మార్చుకునే నియమమని పదహారేళ్ల పిల్లకు ఇంత సూటిగా చూపించిన పుస్తకం మా మదర్సాల్లోనూ లేదు, వాళ్ల శిశుమందిరాల్లోనూ లేదు. 1999 నాటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' ఆటలోనూ ఒక నిజాయితీ ఉంది. మామూలు సైనికుల్లో ఆడమనిషి కనపడకపోయినా, కట్టెలు కొట్టే, పొలం చేసే, గోడ కట్టే పనివాళ్లలో ఆడవాళ్లూ మగవాళ్లూ సమానం. చేసే పనీ ఒకటే, బలమూ ఒకటే. పేరులేని ఆ పనిమనిషే మా అమ్మీకి దగ్గరి చుట్టం. జనానా పరుపుల మీది బేగం కాదు.

అయితే ఆ పిల్ల ఆట దగ్గరికి వస్తుందా అన్నదే చివరి ప్రశ్న. ఇంటర్నెట్ సెంటర్ మర్దానా, ఇల్లు జనానా. తమ్ముడి చేతిలో రాత్రి రెండింటిదాకా ఫోనుంటుంది, అక్క చేతిలో ఫోను కనపడితే ఎవరితో మాట్లాడుతున్నావని సోదా మొదలవుతుంది. ఇది మా ఇళ్లలోనే కాదు, పక్క గల్లీలోనూ అంతే. అక్కడ దాన్ని సంప్రదాయమంటారు, మా దగ్గర కనపడితే పర్దా అంటారు. రెండు పేర్లూ ఒక్క తలుపువే. ఆ తలుపు తెరవాల్సింది స్వీడన్ కంపెనీ కాదు. రజియాను రాట్నం దగ్గర కూర్చోమన్న ఇసామీ మాట ఇంకా వినిపిస్తున్న ప్రతి ఇంట్లోనూ అది మన పనే. నియమాలు రాసేవాళ్లలో మా ఆడపిల్లలు కూర్చున్న రోజున, అంతఃపురానికీ జనానాకూ ఒకే మాట వాడాల్సి వస్తుంది. సిర్పూరు కోటలో కాలిపోయినవాళ్లకు పేర్లు పెట్టే ఆట కూడా వాళ్లే రాస్తారు.